తిరగలి గుట్టకు రెండు బస్సులు వద్దు

ఉత్తర ఇంగ్లండ్‌లోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, పిక్నిక్ కమిటీల్లో పనిచేస్తున్న అన్నలకు, అక్కలకు,

నమస్కారం.

పోయిన వారం మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరిగింది. మే నెలాఖరు సోమవారం, బ్యాంక్ హాలిడే రోజున, షెఫీల్డ్ పక్కనున్న వార్న్‌క్లిఫ్ గుట్టకు ఫ్యామిలీ పిక్నిక్ అట. రెండు బస్సులు, బార్బెక్యూ, పిల్లలకు ఆటలు, మ్యూజిక్ సిస్టమ్. పోస్టర్ మధ్యలో ఉన్న ఫోటో నేను తీసిందే. మా బిడ్డ బండ పైఅంచు మీద కూర్చుని, హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, కింద లోయలోకి చూస్తున్న ఫోటో. పోయిన అక్టోబర్లో నేనే గ్రూపులో పెట్టాను. "ఎక్కడ ఇది?" అని చాలామంది అడిగారు. అందరికీ చెప్పాను.

ఆ పోస్టర్ చూడగానే ముందు సంతోషమే వేసింది. పదకొండేళ్ళుగా షెఫీల్డ్‌లో ఉంటున్నాను, తొమ్మిదేళ్ళుగా ఆ గుట్ట ఎక్కుతున్నాను. అక్కడ మా ఇంటివాళ్ళు తప్ప ఇంకో తెలుగు మొహం నాకు ఇప్పటిదాకా కనిపించలేదు. మొదట్లో దారిలో ఎదురైనవాళ్ళు "దారి తప్పారా?" అని అడిగేవారు. మంచిగానే అడిగేవారు, కానీ ఆ మాట ప్రతిసారీ గుచ్చుకునేది. అలాంటి చోటికి మనవాళ్ళు వంద మంది వస్తారంటే ఎవరికి ఆనందం కాదు? ఆ ఆనందం ఓ పది నిమిషాలు ఉంది. తర్వాత తేదీ చూశాను, బార్బెక్యూ అన్న మాట చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ లేఖ. ఒక సంఘానికి ఫోన్ చేసి చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఈ ఏడాది ఒక సంఘం మానుకుంటే వచ్చే ఏడాది ఇంకో సంఘం బస్సు మాట్లాడుకుంటుంది. అందుకని అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు ఆ గుట్ట ఏమిటో చెప్పనివ్వండి. ఫోటోలో అది కనిపించదు.

షెఫీల్డ్‌కు ఉత్తరాన, డాన్ నది లోయ మీద, డీప్‌కార్ ఊరికి ఎదురుగా నల్లటి బండల వరస ఒకటి సాగుతుంది. ఇక్కడి క్లైంబర్లంతా వెళ్ళే స్టానేజ్ గుట్ట అంత పొడవుండదు, అంత పేరూ లేదు. పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ హద్దు లోపల కూడా లేదు. ఎత్తు పది మీటర్లు అటూ ఇటూ. కింద బైపాస్ రోడ్డు, స్టాక్స్‌బ్రిడ్జ్ స్టీలు ఫ్యాక్టరీ కనిపిస్తాయి. గొడుగు ఊచలకు పేరుపడ్డ శామ్యూల్ ఫాక్స్ 1842లో మొదలుపెట్టిన కార్ఖానా అది. కాబట్టి ఇక్కడ నిశ్శబ్దం అంటే చప్పుడే లేదని అనుకోవద్దు. లారీల మోత గాలివాటున పైకి వస్తూనే ఉంటుంది. కానీ మనుషులు ఉండరు. ఎండగా ఉన్న ఆదివారం స్టానేజ్ దగ్గర కారు పెట్టుకోవడానికి చోటు దొరకని వేళ, ఇక్కడ సాయంత్రం ఎండ నేరుగా బండ మీద పడుతుంటే, తాడు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు ముగ్గురు తప్ప ఇంకెవరూ కనిపించరు.

వార్న్‌క్లిఫ్ అన్న పేరు 'క్వెర్న్ క్లిఫ్' నుంచి వచ్చిందని చెబుతారు. క్వెర్న్ అంటే తిరగలి. మా భువనగిరి వైపు ఇసుర్రాయి అంటాం. రెండు వేల ఏళ్ళ కిందట, రోమన్లు రాకముందూ వచ్చిన తర్వాతా, ఇక్కడి మనుషులు ఈ గుట్ట రాయిని చెక్కి తిరగళ్ళు చేసుకున్నారు. సగం చెక్కి వదిలేసిన రాళ్ళు ఇప్పటికీ హెదర్ పొదల మధ్య పడి ఉంటాయి. మొదటిసారి అలాంటి రాయి నా కాలికి తగిలినప్పుడు నేను అక్కడే కూర్చుండిపోయాను. మా నాయనమ్మ ఇంట్లో కందులు విసిరే రాయి గుర్తొచ్చింది. "రోళ్ళకు కక్కు కొడతాం" అని అరుచుకుంటూ వీధిలో వెళ్ళే మనిషి గుర్తొచ్చాడు. గ్రిట్‌స్టోన్ అనే ఈ గుట్ట రాయి గరుకుదనం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను చెప్పేది అదే: కొత్తగా కక్కు కొట్టిన తిరగలి మీద అరచెయ్యి పెట్టి చూడండి.

మా ఊరి రాయి నిప్పులోంచి పుట్టింది, ఇక్కడి రాయి నీళ్ళలోంచి. హైదరాబాద్, భువనగిరి చుట్టుపక్కల గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది, భూమి లోపల కరిగి చల్లారింది. గ్రిట్‌స్టోన్ వయసు 32 కోట్ల ఏళ్ళు. ఉత్తరాన ఉన్న పెద్ద కొండలు అరిగి, నదులు ఆ ముతక ఇసుకను మోసుకొచ్చి డెల్టాల్లో పోస్తే, అది పొరలు పొరలుగా గట్టిపడి ఈ రాయి అయింది. దగ్గర్నుంచి చూస్తే గులకరాయి ముక్కలు పంటి కింద పలుకుల్లా పైకి తేలి కనిపిస్తాయి. వేలి కొనతో ఆ పలుకు మీద బరువు మోపి మనిషి పైకి లేస్తాడు. ఆ పలుకు ఒక్కటి ఊడిపోతే ఆ దారి ఇంకెవరూ అదే విధంగా ఎక్కలేరు. రాయే కదా, దానికేమవుతుంది అనుకుంటాం. అవుతుంది. పైన గట్టి పెంకులాంటి పొర ఉంటుంది. ఇనుప బ్రష్షుతో గీకినా, దాని మీద మంట పెట్టినా ఆ పొర లేచిపోతుంది. లోపలి రాయి మెత్తన, ఇసుకలా రాలుతుంది. మళ్ళీ ఆ పెంకు కట్టడం మన జీవితకాలాల్లో జరిగే పని కాదు.

నాకు ఎక్కడం నేర్పింది స్టాక్స్‌బ్రిడ్జ్ పెద్దాయన ఒకరు. డెబ్బై దాటాయి, స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మా వార్డులో పేషెంటుగా ఉన్న వాళ్ళావిడను చూడటానికి వచ్చేవారు. కిటికీలోంచి కొండల వైపు చూస్తుంటే నేనే మాట కలిపాను, మాది ఏకశిల గుట్ట ఉన్న ఊరని చెప్పాను. ఆవిడ ఇంటికి వెళ్ళిన నెల తర్వాత ఆయన వార్డుకు వచ్చి, "ఆదివారం సెలవుందా?" అని అడిగారు.

నేను ఎక్కిన మొదటి దారి ఒక పగులు. నిలువుగా, చెయ్యి దూరేంత వెడల్పు. పట్టుకోవడానికి అంచు ఏమీ లేదు. ఆయన చెప్పింది ఇంతే: చెయ్యి చాపి లోపలికి పెట్టు, బొటనవేలు అరచేతిలోకి మడువు, ఇక వదిలెయ్. చెంబులో చెయ్యి పెట్టి పిడికిలి బిగించిన పిల్లాడికి చెయ్యి ఎలా బయటికి రాదో, అలా బిగుసుకుంది నా చెయ్యి. దాని మీద వేలాడి కాలు పైకి పెట్టాను. మళ్ళీ రెండో చెయ్యి. పదిహేను నిమిషాలు పట్టింది ఎనిమిది మీటర్లకు. పైకి వచ్చేసరికి చేతుల వెనక చర్మం లేచిపోయింది. ఆ రాత్రి డ్యూటీలో శానిటైజర్ రాసుకున్న ప్రతిసారీ మండింది. ఆ మంట నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇరవై ఏళ్ళుగా నా చేతులు ఇతరుల కోసమే పనిచేశాయి. ఆ రోజు నా బరువు అవే మోశాయి.

ఈ రాయి మీద మేకులు కొట్టరు. అది ఇక్కడి క్లైంబర్లు తరతరాలుగా పెట్టుకున్న కట్టుబాటు. ముందు ఎక్కేవాళ్ళు పగుళ్ళలో నట్స్ అనే లోహపు బిళ్ళలు, క్యామ్స్ అనే స్ప్రింగు పరికరాలు ఇరికించుకుంటూ, వాటికి తాడు తగిలించుకుంటూ వెళ్తారు. వెనక వచ్చేవాళ్ళు ఒక్కోటీ ఊడబీకి తెచ్చేస్తారు. ఇద్దరూ పైకి చేరాక బండ మీద మిగిలేది చేతులు జారకుండా రాసుకున్న చాక్‌పొడి కాస్త. వాన పడితే అదీ ఉండదు. 1880లలో షెఫీల్డ్ కుర్రాడు జేమ్స్ పుట్రెల్ డీప్‌కార్ దగ్గరి ఈ గుట్ట మీద ఎక్కడం మొదలుపెట్టాడు. బ్రిటన్‌లో బండలెక్కడం ఒక ఆటగా పుట్టిన చోట్లలో ఇదొకటి. అప్పట్లో లోయలో రైలు నడిచేది, 1845లో వచ్చిన మార్గం. స్టేషన్లో దిగి నడుచుకుంటూ వచ్చేవారు. ఆ ఆవిరి ఇంజన్ల పొగే ఈ రాయిని ఇంత నల్లగా చేసిందంటారు. పుట్రెల్ పేరు మీద ఉన్న దారిలో మొన్న మా బిడ్డ ఎక్కింది. నూట ముప్పై ఏళ్ళు దాటినా ఆ దారి ఆయనకు ఎలా దొరికిందో మా పిల్లకు దాదాపు అలాగే దొరికింది. ఎందుకంటే మధ్యలో వచ్చినవాళ్ళంతా తమ సామాను తాము తీసుకుపోయారు.

ఇక అసలు విషయం.

కిందటి ఏడాది ఏప్రిల్లో, ఇంకో గ్రిట్‌స్టోన్ గుట్ట దగ్గర, మన సంఘం ఒకటి పిక్నిక్ పెట్టుకుంది. ఏ సంఘమో చెప్పను, చెప్పడం వల్ల ఒరిగేదీ లేదు. ఎనభై మంది దాకా వచ్చారు. నేను, మా బిడ్డ కాస్త దూరంగా ఎక్కుతున్నాం. మన పాటలు వినిపించి, దిగి వెళ్ళి పలకరించాం. ఎంత ప్రేమగా మాట్లాడారో! మాకు ప్లేటు పెట్టి తినేదాకా వదల్లేదు. సాయంత్రం అందరూ బస్సెక్కి వెళ్ళిపోయారు. చెత్త సంచుల్లో కట్టి తీసుకెళ్ళారు కూడా, ఆ మాట నేను ఒప్పుకోవాలి. మేం తాడు చుట్టుకుని బయల్దేరుతుంటే పొగ వాసన వచ్చింది. వాడిపారేసే అల్యూమినియం బార్బెక్యూ ట్రేలు రెండు బండ మీద పెట్టి కాల్చారు. బొగ్గు ఆరిపోయిందనుకుని పక్కన హెదర్‌లో కుమ్మరించారు. ఏప్రిల్ హెదర్ అంటే తెలుసు కదా, చలికాలమంతా ఎండి చీపురుపుల్లలా ఉంటుంది. మంట లేదు, కింద కింద రగులుతోంది. మా దగ్గర రెండు సీసాల నీళ్ళున్నాయి. పోశాం, చాలలేదు. కుక్కతో నడకకు వచ్చిన ఒకామె తన ఫ్లాస్కులో టీ కూడా పోసింది. చివరికి మా బిడ్డ బూట్లతో తొక్కీ తొక్కీ ఆర్పింది. గంటసేపు అక్కడే కూర్చుని, మట్టి మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ ఉన్నాం, ఎక్కడైనా వేడి తగులుతుందేమోనని.

ఆ సంఘంలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను. పెట్టిన అన్నం తిని నిందించినట్టు ఉంటుందని ఆగిపోయాను. అది నా తప్పే. బండ మీద నల్లగా కాలిన రెండు చతురస్రాలు ఇప్పటికీ ఉన్నాయి. నేను వెళ్ళి చూసి వస్తుంటాను.

ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే 2018 గుర్తు చేస్తాను. ఆ జూన్‌లో మాంచెస్టర్ పక్కన శాడిల్‌వర్త్ మూర్ అనే హెదర్ బీడు అంటుకుంటే ఆర్పడానికి సైనికులను దించాల్సి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో స్టాఫర్డ్‌షైర్‌లోని రోచెస్ కాలింది. అదీ గ్రిట్‌స్టోన్ గుట్టే. మాంచెస్టర్‌లో ఉన్నవాళ్ళకు ఆ పొగ వాసన ఇంకా గుర్తుండే ఉంటుంది.

నిప్పు ఒక్కటే అయితే బార్బెక్యూ మానేసి రమ్మనేదాన్ని. మే నెలలో ఇంకో సంగతి ఉంది. వార్న్‌క్లిఫ్ పైన ఉన్న హెదర్ మైదానంలో నైట్‌జార్ అనే పిట్ట గుడ్లు పెడుతుంది. ఆఫ్రికాలో చలికాలం గడిపి మేలో ఇక్కడికి చేరుతుంది. గూడు కట్టదు. నేల మీదే, ఎండుటాకుల మధ్య, రెండు గుడ్లు పెట్టి వాటి మీద కదలకుండా కూర్చుంటుంది. దాని ఒంటి రంగు ఎండుటాకు రంగే. అడుగు దూరంలో ఉన్నా మనకు కనిపించదు. మనుషులు దగ్గరగా వస్తే అది లేచిపోతుంది. అది లేచిన కాసేపటికే కాకి వస్తుంది. సంధ్యవేళ ఆ పిట్ట అరుపు ఒకసారి విన్నవాళ్ళు మర్చిపోలేరు. కుట్టుమిషను ఆపకుండా తొక్కుతున్నట్టు, నిమిషాల తరబడి, ఊపిరి తీసుకుంటుందో లేదో కూడా తెలియదు. క్లైంబర్లు కూడా ఈ నెలల్లో కాలిబాట దాటి హెదర్‌లోకి వెళ్ళరు. స్టానేజ్‌లో రింగ్ ఊజెల్ పిట్టలు గూళ్ళు పెట్టినప్పుడు కొన్ని దారులకు బోర్డులు పెడతారు, అందరూ పక్కకు తప్పుకుంటారు. మార్చి 1 నుంచి జులై 31 దాకా ఇలాంటి బహిరంగ భూముల్లో కుక్కలకు కూడా గొలుసు తప్పనిసరి. ఆ రోజుల్లో వంద మంది పిల్లాపెద్దా, స్పీకర్లు, క్రికెట్ బ్యాటు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆ పిట్టకు చోటు మిగలదు.

ఈ మాటలు ఫోన్లో ఒక కమిటీ అన్నకు చెబితే ఆయనకు కోపం వచ్చింది. "గుట్టేమన్నా నీ ఒక్కదానిదా? తెల్లవాళ్ళు వస్తే లేనిది మనం వస్తేనే వచ్చిందా?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే దాటేయకుండా జవాబు చెబుతాను.

ఈ కొండల మీద అడుగు పెట్టే హక్కు ఎవరికీ ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ నుంచి వందల మంది కార్మికులు కిండర్ స్కౌట్ కొండ మీదికి నిషేధాన్ని లెక్కచేయకుండా నడిచారు. అప్పుడా కొండలు జమీందారుల వేట భూములు. గేమ్‌కీపర్లు అడ్డుపడ్డారు. బెన్నీ రోత్‌మన్ అనే కుర్రాడితో సహా ఐదుగురు జైలుకెళ్ళారు. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ ఈ దేశపు మొదటి నేషనల్ పార్క్ అయింది. 2000లో వచ్చిన చట్టం మూర్‌ల మీద నడిచే హక్కు అందరికీ ఇచ్చింది. అందరికీ అంటే మనకూ. వీసా మీద నిన్న దిగిన స్టూడెంటుకు కూడా. మన పన్నులతో, మన డ్యూటీలతో ఈ ఊళ్ళు నడుస్తున్నాయి. ఈ కొండలు మనవి కావని నేను ఎప్పటికీ అనను. కానీ ఆ చట్టం ఇచ్చింది నడిచే హక్కు, బండ ఎక్కే హక్కు. నిప్పు రాజేసే హక్కు అందులో ఎవరికీ లేదు. తెల్లవాళ్ళ గుంపు రెండు బస్సులేసుకుని మేలో వస్తున్నదని తెలిసినా నేను ఇదే ఉత్తరం ఇంగ్లీషులో రాసి ఉండేదాన్ని.

ఇంకో మాట. మనం భువనగిరి నుంచో, కర్నూలు నుంచో వచ్చినవాళ్ళం. రాయి పోవడం అంటే ఏమిటో మనకు చూపించాల్సిన పని లేదు. నా చిన్నప్పుడు మా ఊరి బయట రెండు పెద్ద గుండ్లు ఒకదానిపై ఒకటి నిలబడి ఉండేవి. బడి నుంచి వస్తూ వాటి నీడలో కూర్చునేవాళ్ళం. ఇప్పుడక్కడ క్రషర్ ఉంది. ఆ గుండ్లు కంకర అయి ఏదో రోడ్డు కింద పడి ఉన్నాయి. హైదరాబాద్‌లో బండల కోసం 1996లోనే ఒక సొసైటీ పుట్టింది, అయినా పోయినవి ఎన్నో. అలా పోగొట్టుకుని వచ్చిన మనం ఇక్కడి రాయిని ఎవరికన్నా ఎక్కువ జాగ్రత్తగా ముట్టుకోవాలని నేను కోరుకుంటాను.

మరి పిక్నిక్ మానుకోమంటున్నానా? వద్దు, మానకండి. రెండు బస్సులతో వెళ్ళే పిక్నిక్‌కు కావాల్సింది టాయిలెట్లు, నీళ్ళు, పార్కింగ్, పిల్లలు పరిగెత్తడానికి చదునైన గడ్డి. వార్న్‌క్లిఫ్‌లో వీటిలో ఒక్కటీ లేదు. అంచు దగ్గర కంచె కూడా లేదు, కింద అంతా కూలిన పెద్ద పెద్ద రాళ్ళు. పరిగెత్తే నాలుగేళ్ళ పిల్లాడి వెనక పది మీటర్ల లోతు ఉంటే ఏ తల్లి మనసు నిమ్మళంగా ఉంటుంది? ఎవరైనా పడితే వచ్చేది మౌంటెన్ రెస్క్యూ వాలంటీర్లు, జీతం లేకుండా, తమ సెలవురోజు వదులుకుని వస్తారు. రోథర్ వ్యాలీ లాంటి కంట్రీ పార్కులు మన పిక్నిక్‌లకు చక్కగా సరిపోతాయి. పులిహోర, పెరుగన్నం, మామిడికాయ పచ్చడి అక్కడా అంతే రుచిగా ఉంటాయి.

గుట్టకు మాత్రం వేరేగా రండి. ఆరుగురు, ఆరుగురుగా రండి. సెప్టెంబర్ వచ్చాక రండి. అప్పటికి నైట్‌జార్లు ఆఫ్రికా దారి పట్టి ఉంటాయి. పైగా గ్రిట్‌స్టోన్‌కు చలే మంచిది. వేసవిలో చేతులు చెమటపట్టి జారతాయి, చల్లటి పొడి రోజున బూటు రబ్బరు బండకు అతుక్కుపోతుంది. అందుకే ఇక్కడివాళ్ళు నవంబర్లో కూడా టోపీలు పెట్టుకుని ఎక్కుతారు. వాన పడిన మర్నాడు మాత్రం వద్దు, పచ్చటి నాచు పట్టిన బండ సబ్బులా ఉంటుంది.

సంఘాలను నేను డబ్బు విషయంలో ఒకటి అడుగుతున్నాను. పిల్లలకు కూచిపూడి నేర్పే టీచర్‌కు, తెలుగు బడి టీచర్‌కు మనం ఏటా కొంత పక్కన పెడతాం కదా. అలాగే ఒక రాక్ క్లైంబింగ్ ఇన్‌స్ట్రక్టర్‌కు కూడా పెట్టండి. అది ఇక్కడ పరీక్ష పెట్టి ఇచ్చే అర్హత, తాడు, ముడులు, పిల్లల భద్రత అన్నీ వాళ్ళకు తెలుసు. నేను తొమ్మిదేళ్ళుగా ఎక్కుతున్నా నాకు ఆ అర్హత లేదు, మీ పిల్లల తాడు నా చేతికి ఒక్కదానికే ఇవ్వకండి. ముందు ఊళ్ళోని ఇండోర్ క్లైంబింగ్ వాల్ మీద రెండు మూడు వారాలు. బూట్లు, హార్నెస్ అక్కడే అద్దెకిస్తారు. ఆ తర్వాత గుట్ట.

ఆడపిల్లలను తప్పకుండా పంపండి. "పడిపోతే పెళ్ళెలా?" అన్న మాట నేను ఈ ఊళ్ళో కూడా విన్నాను, అందుకే చెబుతున్నాను. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన పిల్ల. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, మా భువనగిరి బండ మీద తాడు పట్టుకోవడం నేర్చుకుంది. 2014 మే 25న, తోటి గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. అంతకు సరిగ్గా 59 ఏళ్ళ ముందు, 1955 మే 25న, జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ కాంచన్‌జంగ ఎక్కారు, అంతకుముందు ఎవరూ ఎక్కని కొండ. జో బ్రౌన్ మాంచెస్టర్‌లో ఇళ్ళ మరమ్మతు పనులు చేసుకునే మనిషి, ఆదివారాలు ఈ గ్రిట్‌స్టోన్ పగుళ్ళలో చేతులు ఇరికించి నేర్చుకున్నవాడు. కాంచన్‌జంగ కొసన అడ్డొచ్చిన ఆఖరి రాతి పగులును ఇక్కడ నేర్చిన ఆ పట్టుతోనే ఎక్కాడు. ఆ పైన శిఖరం కొన్ని అడుగుల దూరంలోనే ఉంది. సిక్కిం ప్రజలకు ఆ కొండ దైవం, కొస తొక్కబోమని ముందే మాటిచ్చి వచ్చారు. అక్కడే ఆగి, దిగి వచ్చేశారు.

ఈ కథ నాకు చెప్పింది స్టాక్స్‌బ్రిడ్జ్ పెద్దాయనే, ఒక సాయంత్రం బండ మీద కూర్చుని టీ తాగుతూ. పూర్ణ కథ ఆయనకు నేను చెప్పాను. పేరు సరిగ్గా పలకడం వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అడిగారు. ఇప్పుడు మా బిడ్డను మా ఊరి ఇంగ్లీషు పేరుతో 'భోంగిర్' అని పిలుస్తారు.

మే పోస్టర్ దయచేసి వెనక్కి తీసుకోండి. బస్సు అడ్వాన్సు పోతుందంటే అందులో నా వంతు నేనిస్తాను. నా ఫోటో మాత్రం ఉంచుకోండి, కింద తేదీ మార్చండి.

సెప్టెంబర్ రెండో శనివారం ఉదయం తొమ్మిదింటికి నేను, మా బిడ్డ, పెద్దాయన డీప్‌కార్ బస్‌స్టాప్ దగ్గర ఉంటాం. ఇన్‌స్ట్రక్టర్ ఒకామెతో మాట్లాడాను, ఆ రోజు వస్తానన్నారు. మొదటి రోజు ఫీజు నేను కడతాను. హెల్మెట్లు ఆరు ఉన్నాయి, అందుకే ఆరుగురే. ముందు పేరు ఇచ్చినవాళ్ళకు ముందు. గోళ్ళు కత్తిరించుకుని, ఉంగరాలు ఇంట్లో పెట్టి రండి. పగులులో వేలు ఇరుక్కుంటే ఉంగరం వదలదు. తాగడానికి నీళ్ళు తెచ్చుకోండి, పైన కుళాయి లేదు. టిఫిన్ నేను తెస్తాను.

ఇట్లు,
భువనగిరి నుంచి వచ్చి షెఫీల్డ్‌లో నర్సుగా పనిచేస్తున్న మీ సభ్యురాలు